తుక్కు నుంచి తటాకానికి

అండమాన్ దీవులలోని షాదీపూర్ నుంచి ఒక తెలుగు మిత్రుడు ఇటీవల నాకు లేఖ రాశారు. తమ దీవులలో వాన కురిసే నెలలు, కురవని నెలలు తప్ప వేరే ఋతువులు లేవనీ, ఫ్రాన్సు చిత్రకారుడు మోనే వలె ఋతువులను వెంబడించి ప్రకృతిని చిత్రించినవారు తెలుగువారిలో ఉన్నారా అనీ ఆయన ప్రశ్న. నాకు వెంటనే స్ఫురించిన పేరు సూర్యప్రకాశ్.

1940లో మధిరలో జన్మించిన సూర్యప్రకాశ్ హైదరాబాదులో చిత్రకళ అభ్యసించి, 1960ల ఆరంభంలో ఢిల్లీ వచ్చి రామ్‌కుమార్ వద్ద శిష్యరికం చేశారు. 1960లో కాశీ వెళ్లివచ్చాక రామ్‌కుమార్ చిత్రాలలో మనుషులు క్రమంగా మాయమై, ఇళ్లూ గట్లూ నదీ మాత్రమే మిగిలాయి. ఆ నిర్జనత్వం శిష్యుణ్ణి జీవితాంతం వదలలేదని నా అభిప్రాయం. అయితే ఆయన కుంచె తొలుత పట్టుకున్నది ప్రకృతిని కాదు, తుప్పుపట్టిన మోటారు వాహనాల తుక్కును! ఎండుటాకులు, చెట్ల నీడలు పడిన మడుగులు ఆ తరువాత వచ్చాయి. తుప్పుకూ ఎండుటాకుకూ రంగులో చుట్టరికం ఉన్నది కనుక దీనిని హఠాత్పరిణామం అనలేము.

ఇది మోనేకు అనుకరణ కాదా అని పెదవి విరిచేవారు ఉంటారు. 1890-91లో మోనే గడ్డివాములను వేసవిలోనూ మంచులోనూ, వేర్వేరు వేళలలో, సుమారు 25 చిత్రాలుగా వేశాడు. అక్కడ ఋతువు మారితే నేలను తెల్లని మంచు కప్పుతుంది. తెలుగునాట శిశిరంలో ఒకవైపు ఆకు రాలుతూండగానే మరొకవైపు మోదుగ ఎర్రగా పూస్తుంది. చెరువులో నీటిమట్టాన్ని చూసి నెల చెప్పవచ్చు. పద్ధతి పరాయిదైనా ఈ వెలుగు పరాయిది కాదు. సూర్యప్రకాశ్ మడుగులో పైన రాలిన ఆకు తేలుతుంది, అడుగున చెట్టు నీడ కదులుతుంది. రెండు ఋతువులను ఒకే నీటిలో చూస్తున్నట్లుంటుంది.

మరొక విశేషం. మోనేకు 1912లో కంటి శుక్లాలు బయటపడ్డాయి. చూపుతోపాటు ఆయన రంగులూ మారిపోగా, 1923లో శస్త్రచికిత్స చేయించుకున్నాడు. సూర్యప్రకాశ్ హైదరాబాదులోని ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రిలో ఎన్నో ఏండ్లు ఆస్థాన చిత్రకారుడు. 2019లో ఆయన కన్నుమూశారు. చూపు కోసం వచ్చేవారి నడుమనే ఆయన అన్నేళ్లు ఆకులనూ నీళ్లనూ చిత్రించారు.