నలభై పుల్లల చక్రం

నా బరువు 104 కిలోలు. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతా కథ సులువు. సైకిలు కొనడానికి వెళ్లినప్పుడు షాపులో కూడా ముందే చెప్పాను, దూరాలు తొక్కడానికి గట్టి ఎండ్యూరెన్స్ బైక్ కావాలని. కుర్రాడు కార్బన్ ఫ్రేమ్ చూపించాడు, గేర్లు చూపించాడు, ఎంత తేలికో చూడమని బండిని రెండు వేళ్లతో ఎత్తి చూపించాడు. నేనూ ఎత్తి మురిసిపోయాను. ఏళ్ల తరబడి ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతున్నవాణ్ణి, అడగాల్సిన ఒక్క ప్రశ్న మాత్రం అడగలేదు. వెనక చక్రానికి పుల్లలెన్ని?

ఇరవై నాలుగు. ఆ సంగతి ఆలేరు దగ్గర తెలిసింది.

అది 200 కిలోమీటర్ల బ్రెవే. పోటీ కాదు, కానీ పదమూడున్నర గంటల్లో పూర్తిచేయాలి. ఓ చిన్న గుంతలో పడి లేచాక వెనక నుంచి టింగుమని చప్పుడు, ఆ వెంటనే టైరు ఫ్రేముకు రాసుకుంటున్న మోత. దిగి చూస్తే పుల్ల ఒకటి హబ్బు దగ్గర మెడ విరిగి వేలాడుతోంది. నడిపించుకుంటూ వెళ్తే వేపచెట్టు కింద ఒక పంచర్ షాపు కనబడింది. పెద్దాయన చక్రం ఎత్తి తిప్పాడు, గ్రీజు వేళ్లతో పుల్లలు లెక్కపెట్టాడు, నన్ను కింది నుంచి పైదాకా చూశాడు.

"గిన్నే పుల్లలా సారూ? పాలోళ్ల బండికి ఎన్క నలభై ఉంటయి గదా."

ఆ కొలత పుల్ల ఆయన దగ్గర లేదు. విరిగినదాన్ని పక్కదానికి చుట్టేసి, అటూ ఇటూ పుల్లలను బిగించే నిప్పిళ్లు నాలుగు తిప్పి, ఫ్రేముకు తగలకుండా బెండు తీసి పంపాడు. గమ్యం చేరేసరికి గడువు దాటి నలభై నిమిషాలైంది. దారంతా ఆ నలభై సంఖ్య బుర్రలో తిరుగుతూనే ఉంది.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. మన ఊళ్లలో పాలవాళ్లు, గ్యాసు వాళ్లు వాడే ఆ నల్ల సైకిలుకు ముందు చక్రంలో 32 పుల్లలు, వెనక 40. పాత ఇంగ్లీషు రోడ్‌స్టర్ల లెక్క అది, అలాగే మన దగ్గర ఉండిపోయింది. నింపిన వంటగ్యాసు సిలిండరు ఇంచుమించు 30 కిలోలు. క్యారియర్‌కు అటొకటి ఇటొకటి కట్టి, పైన మూడోది కూడా పెట్టుకుని, మనిషి ఎక్కి తొక్కుకుంటూ పోతాడు. ఆ చక్రం మూలగదు. నా లక్షల ఖరీదు బండి మాత్రం నా ఒక్కడికే మెడ విరుచుకుంది.

క్లాసులో ఈ కథ చెబితే పిల్లలు బాగా నవ్వారు. నవ్వని ఒకమ్మాయి లేచి అడిగింది: "సార్, మీరు సైకిలెక్కితే మీ బరువు పై పుల్లలకు వేలాడుతుందా, కింది పుల్లల మీద నిలబడుతుందా?"

ఇది చిన్నపిల్లల ప్రశ్న కాదు. దీని మీద పెద్ద పెద్ద ఇంజినీర్లు దెబ్బలాడుకున్నారు.

ముందు ఎడ్లబండి చక్రం చూడండి. ఇరుసు బరువు దిమ్మ మీద, దిమ్మ కింది ఆకు మీద, ఆకు పూటీ మీద, పూటీ నేల మీద. ఇంటి స్తంభం పైకప్పును మోసినట్టు మోస్తుంది. అందుకే ఆకులు అంత లావు. సైకిలు పుల్లతో అదే పని చేయించబోతే ఏమవుతుందో ఇంట్లోనే చూడొచ్చు. దాదాపు అడుగు పొడవు, రెండు మిల్లీమీటర్ల మందం ఉన్న పుల్లను నిట్టనిలువుగా నిలబెట్టి పైనుంచి నొక్కండి. రెండు కిలోల బరువుకే విల్లులా వంగిపోతుంది. అదే పుల్లను కొక్కేనికి తగిలించి కింద బరువు కట్టండి, దాదాపు 300 కిలోల దాకా తెగదు. ఉక్కుతీగ స్వభావమే అంత, నొక్కితే గడ్డిపోచ, లాగితే గొలుసు.

కాబట్టి చక్రంలో పుల్లను ఎప్పుడూ లాగుతూనే ఉంచాలి, నొక్కుడు పడనివ్వకూడదు. దీన్ని మొదట కాగితం మీద పెట్టినవాడు విమానాల పిచ్చి ఉన్న ఇంగ్లీషు జమీందారు జార్జ్ కేలీ. ఎగిరే యంత్రం నేలకు దిగడానికి తేలికైన చక్రం కావాలి, కర్ర ఆకుల బరువు పనికిరాదు. 1808లో తన నోటుపుస్తకంలో, లాగి కట్టిన తీగల చక్రం బొమ్మ గీసుకున్నాడు. విమానం రావడానికి ఇంకా వందేళ్లు పట్టింది. చక్రం మాత్రం సైకిలుకు చేరింది.

లాగి కట్టడం అంటే ఏమిటో నులక మంచం ఉన్న ఇంట్లో పెరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు. వదులు మంచం మీద కూర్చుంటే ఉయ్యాలలా దిగబడుతుంది, నులక బిగిస్తే అదే తాడు, అదే మనిషి, మంచం పలకలా నిలుస్తుంది. చక్రంలో ప్రతి పుల్లనూ నిప్పిల్ తిప్పి ముందే బిగిస్తారు. వెనక చక్రంలో గేర్ల వైపు ఒక్కో పుల్ల 100 నుంచి 120 కిలోల బలంతో లాగుతూ ఉంటుంది. ఎవరూ ఎక్కకముందే, బండి గోడకు ఆనించి ఉన్నప్పుడే. హబ్బును పాతిక మంది పాతిక దిక్కులకు గుంజుతున్నట్టు. అన్ని గుంజుళ్లూ సరిపోయి హబ్బు నడిమధ్యన కదలకుండా ఉంటుంది.

ఇప్పుడు నేనెక్కాను. హబ్బును పైకి ఎత్తి పట్టాలి. పైకి లాగేవాళ్లు ఇంకా గట్టిగా లాగితే సరిపోతుంది కదా అనిపిస్తుంది. ఇంకో దారి కూడా ఉంది: కిందికి లాగేవాళ్లు పట్టు కాస్త వదిలితే చాలు. కిందికి లాగేవాడు చెయ్యి సడలించడమంటే పైకి ఎత్తినట్టే.

ఏది జరుగుతుందో తేల్చడానికి మరుసటి రోజు సైకిలు కాలేజీకే పట్టుకెళ్లాను. గోడ పట్టుకుని సీటు మీద నేను కూర్చున్నాను. ఆ అమ్మాయి కింద కూర్చుని పుల్లలు మీటింది. మృదంగం వారు బిగిస్తే శ్రుతి హెచ్చినట్టే, పుల్ల బిగువు కూడా చెవికి తెలుస్తుంది. నేను దిగి ఉన్నప్పుడు పై పుల్ల మీటింది, ఎక్కాక మీటింది. తేడా వినబడలేదు. పక్క పుల్లలూ అంతే. నేలకు ఎదురుగా ఉన్న కింది పుల్ల మీటితే మాత్రం శ్రుతి జారిపోయింది. కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్న కుర్రాడొకడు "రెండు మూడు స్వరస్థానాలు దిగింది సార్" అన్నాడు. దానికి అటూ ఇటూ ఉన్నవీ కొంచెం దిగాయి. అంతే. పైవాళ్లెవరూ కొత్తగా కష్టపడలేదు.

కారణం రిమ్ములో ఉంది. నేల నొక్కేది రిమ్ములో ఒక్క చోటే, ఆ కాస్త మేర చదునుగా అణిగి హబ్బుకు దగ్గరవుతుంది. అక్కడి మూడు నాలుగు పుల్లల బిగువు తగ్గుతుంది. మిగతా రిమ్ము గుండ్రంగా, తన మానాన తాను ఉంటుంది.

జోబ్స్ట్ బ్రాంట్ అనే అమెరికన్ ఇంజినీరు 1981లో సైకిలు చక్రం మీదే ఒక పుస్తకం రాసి, కంప్యూటర్ లెక్కలతో ఇదే చూపించాడు. చక్రం కింది పుల్లల మీదే నిలబడుతుందని తేల్చాడు. తాడు లాంటి తీగ మీద నిలబడటమేమిటని కస్సుమన్నవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పైకి లాగేవి పై పుల్లలే కాబట్టి హబ్బు వేలాడుతున్నట్టేనని వాళ్ల వాదన. బలాల బొమ్మ గీస్తే అదీ తప్పు కాదు. కానీ నాకు బ్రాంట్ మాటే నచ్చుతుంది. నేనెక్కినప్పుడు ఏం మారిందో చెప్పమంటే, మారింది కింది పుల్లే. విరిగేది మారేదే.

ఇక్కడే లావుపాటివాడి అసలు బాధ మొదలవుతుంది. నేను, సైకిలు, నీళ్లు, సంచి కలిపి 118 కిలోలనుకోండి. అందులో దాదాపు 70 వెనక చక్రానిది. నాలుగు పుల్లలకు పంచితే ఒక్కోదానికి 17, 18 కిలోలు. 300 కిలోలకు తెగే తీగకు ఇదో లెక్కా? పైగా బరువు పడితే బిగువు తగ్గుతోంది కదా, పెరగడం లేదు. మరి ఎందుకు విరిగింది?

తీగను అటూ ఇటూ వంచి వంచి విరవడం మనందరం చేసిన పనే. ఒక్కసారి వంచితే విరగదు, ఇరవైసార్లు వంచితే విరుగుతుంది. లోహానికి అలసట ఉంది. చక్రం ఒక చుట్టుకు 2.1 మీటర్లు పోతుంది. 200 కిలోమీటర్లంటే 95 వేల చుట్లు. ప్రతి చుట్టుకూ ప్రతి పుల్ల ఒకసారి కిందికొచ్చి సడలి, మళ్లీ బిగుస్తుంది. ఆ ఊపు పుల్ల మెడ దగ్గర, హబ్బు కన్నంలో వంపు తిరిగే చోట, ముందే నలిగి ఉన్న ఉక్కు మీద పడుతుంది.

వెనక చక్రంలో ఇంకో చిక్కుంది. గేర్లకు చోటివ్వడానికి హబ్బు ఒకవైపు లోపలికి జరుగుతుంది. కుడివైపు పుల్లలు నిట్రాడల్లా నిలువుగా, ఎడమవి వాలుగా ఉంటాయి. రిమ్ము మధ్యలో నిలవాలంటే ఎడమవైపు బిగువు కుడివైపులో సగానికి కాస్త పైన మాత్రమే ఉండాలి. 60 కిలోలనుకోండి. మామూలు రోడ్డు మీద అందులోంచి 18 పోతే ఫర్వాలేదు. గుంతలో పడితే దెబ్బ మూడింతలు, నాలుగింతలు, ఒక్క క్షణం బిగువు సున్నా. పుల్ల గిలకలా కన్నంలో కదులుతుంది, నిప్పిల్ తనంతట తానే ఒక పిసరు తిరుగుతుంది. ఇంకాస్త వదులు. మరుసటి గుంతకు ఇంకా త్వరగా సున్నా. నా పుల్ల విరిగింది ఎడమవైపే. బరువుకు తెగలేదది, వదులై పోయింది.

నలభై పుల్లల గుట్టు కూడా ఇదే. పుల్లలు దగ్గర దగ్గరగా ఉంటే అణిగిన చోట పంచుకోవడానికి ఎక్కువ చేతులుంటాయి, ఒక్కోటి సడలేది తక్కువ. ఒకటి విరిగినా మిగతావి చక్రాన్ని పట్టుకుని ఇంటికి చేరుస్తాయి.

ఇంకో సంగతి మొదట నాకు తలకిందులుగా అనిపించింది. నడుము సన్నగా, చివర్లు లావుగా ఉండే పుల్లలు, అంటే 2 మిల్లీమీటర్ల చివర్ల మధ్య 1.8 మందం ఉన్నవి, మొత్తం లావుగా ఉన్నవాటికన్నా ఎక్కువ కాలం మన్నుతాయి. సన్న నడుము అదే బిగువుకు ఎక్కువ సాగుతుంది. ఎక్కువ సాగింది కాబట్టి రిమ్ము కాస్త అణిగినా పూర్తిగా వదులు కాదు. దెబ్బ నడుము మింగేసి మెడను కాపాడుతుంది.

ఈ బిగువును అందుకోవడానికి జరిగిన పోటీ కూడా ముచ్చటైనదే. 1869లో పారిస్‌లో యూజీన్ మేయర్ తీగపుల్లల చక్రానికి పేటెంటు తీసుకున్నాడు, ఒక్కో పుల్లను విడివిడిగా బిగించుకునేలా. ఇంగ్లండ్‌లోని కవెంట్రీలో, కుట్టుమిషన్ల పనిలోంచి వచ్చిన జేమ్స్ స్టార్లీ మరుసటి ఏడు విలియం హిల్మన్‌తో కలిసి ఏరియల్ సైకిలు పేటెంటు చేశాడు. ఆయన ఉపాయం వేరు. హబ్బుకు మీటలు పెట్టి, హబ్బునే రిమ్ము లోపల కాస్త మెలితిప్పితే పుల్లలన్నీ ఒక్కసారే బిగిసేవి. చూడటానికి ఎంత సొగసో! కానీ అన్నీ ఒకేసారి బిగిస్తే ఒక్కచోట వంకర తీయడమెలా? బెండు తీయడానికి ఆ మీట పనికిరాదు. సొగసు స్టార్లీది, తెలివి మేయర్‌ది. మేయర్ పేరు మాత్రం చాలాకాలం మరుగున పడిపోయింది, ఖ్యాతంతా కవెంట్రీకే పోయింది.

స్టార్లీ ఊరుకోలేదు. 1874లో, పుల్లలు హబ్బు నుంచి సూర్యకిరణాల్లా నేరుగా కాకుండా, అంచును ఒరుసుకుంటూ ఏటవాలుగా పోయే చక్రానికి పేటెంటు తీసుకున్నాడు. కవ్వం తాడు గుర్తుందా? తాడు కవ్వానికి అంచున చుట్టుకుంటేనే తిప్పగలదు, నడిమధ్యకు గురిపెట్టి లాగితే తిరగదు. తొక్కుడు బలం హబ్బు నుంచి రిమ్ముకు చేరాలంటే పుల్ల పక్కకు లాగాలి. సగం పుల్లలు ముందుకు, సగం వెనక్కి, ఒకదాన్నొకటి దాటుతూ. ఈరోజు మీ వాకిట్లో ఉన్న సైకిలు చక్రం ఆ అల్లికే.

తర్వాతి కథ త్వరగా చెప్పేస్తాను. స్టార్లీ సోదరుడి కొడుకు 1885లో రెండు చక్రాలూ దాదాపు సమానంగా ఉన్న రోవర్ సైకిలు తెచ్చాడు. 1888లో బెల్‌ఫాస్ట్ పశువైద్యుడు డన్‌లప్ గాలి టైరు తెచ్చాడు. అల్యూమినియం రిమ్ములు, కార్బన్ రిమ్ములు వచ్చాయి. గాలి నిరోధం తగ్గాలని పుల్లలు 36 నుంచి 32కి, 28కి, 24కి, 20కి దిగాయి. డిస్క్ బ్రేకులొచ్చాక ఆపే బలం కూడా హబ్బు నుంచే పోతుంది కాబట్టి ముందు చక్రానికీ అల్లిక తప్పనిసరైంది.

ఇంతకీ బండి మార్చానా? లేదు. ఫ్రేముకు ఏమీ కాలేదు. ఎండ్యూరెన్స్ బండి కొనేటప్పుడు నాలాంటివాళ్లం తూకం వేసేది ఫ్రేమునే, కానీ ముందు అలిసేది వెనక చక్రం. చాలా కంపెనీలు పెట్టే 120, 125 కిలోల పరిమితి మనిషి, బండి, సామాను అన్నీ కలిపిన లెక్క. అది కూడా నేను ఆలేరు నుంచి తిరిగొచ్చాకే చదివాను. 36 కన్నాల రిమ్ము, అల్లికకు తగ్గ హబ్బు, సన్న నడుము పుల్లలు తెప్పించి చేత్తో కట్టించాను. 32 మిల్లీమీటర్ల టైరు వేయించాను, గుంత దెబ్బలో కొంత అదే మింగుతుంది కదా. బరువు పావుకిలోకు పైనే పెరిగింది. రోజూ నేను తినే ఇడ్లీలు అంతకన్నా ఎక్కువే తూగుతాయి.

చక్రం కట్టినాయన బిగింపంతా అయ్యాక పక్కపక్కనే ఉన్న పుల్లలను జతలు జతలుగా రెండు చేతులతో పిసికాడు, పిండి పిసికినట్టు బలమంతా పెట్టి. కటకట చప్పుళ్లు. బెదిరిపోయాను. వంపు దగ్గర ఉక్కులో మిగిలిన మెలికలు ఒక్కసారి మితిమీరి లాగితే సర్దుకుంటాయి, తర్వాత అలసట తగ్గుతుంది. బ్రాంట్ పుస్తకంలో ఉన్న చిట్కా ఇది. మా మేస్త్రి ఆ పుస్తకం చదివాడో లేదో తెలియదు, చేతులకు మాత్రం తెలుసు.

కొత్త చక్రాన్ని కూడా కాలేజీకి తీసుకెళ్లాను. ఆ అమ్మాయి అడగకుండానే కూర్చుని మీటింది, ఈసారి శ్రుతి జారింది బాగా తక్కువ. తర్వాత టైరులో గాలి తీసేసి మళ్లీ మీటింది. మొహం పైకెత్తి చూసింది. నేనూ వంగి విన్నాను. గాలి లేనప్పుడు శ్రుతి హెచ్చింది. నిజమే, నిండిన టైరు రిమ్మును చుట్టూ లోపలికి అదుముతుంది, పుల్లలన్నీ కాస్త సడలుతాయి.

"మరి మేస్త్రి గాలి పెట్టి బిగించాలా సార్, తీసి బిగించాలా?"

టైరు ఎక్కించకముందే, కొంచెం ఎక్కువ బిగువుతో, అన్నాను. పంపు అందుకుని తనే గాలి కొట్టడం మొదలుపెట్టింది, పది కొట్లకోసారి ఆగి మీటి వింటూ.