పాలు మానిన పందిపిల్ల - తవుడు చేసే మేలు

పసిబిడ్డకు ఒక్కసారిగా పప్పన్నం పెట్టరు. ఆరు నెలలకు అన్నప్రాశన చేసి, మెత్తని అన్నం కొద్దికొద్దిగా అలవాటు చేస్తారు. అడవిపంది పిల్లలు కూడా మూడు నాలుగు నెలల వరకు మెల్లమెల్లగానే పాలు మానుతాయి. పెంపకంలో ఉన్న పిల్లలకు అంత వ్యవధి దొరకదు. మన దేశంలో సాధారణంగా ఆరు నుండి ఎనిమిది వారాలకు, విదేశాల్లోని పెద్ద ఫారాలలో మూడు నాలుగు వారాలకే వాటిని తల్లి నుండి వేరు చేస్తారు. ఆ తరువాతి వారమే గండం. చాలా పిల్లలకు విరేచనాలు పట్టుకుంటాయి. కొన్ని చనిపోతాయి కూడా. ఎందుకు?

పాలలోని చక్కెర లాక్టోజ్. దాన్ని విడగొట్టే లాక్టేజ్ అనే ఎంజైము పిల్ల ప్రేగులో పుష్కలంగా ఉంటుంది. కాని దాణాలో ఉండేవి మొక్కల పిండి పదార్థాలు, మాంసకృత్తులు. వీటిని జీర్ణం చేసే అమైలేజ్, ట్రిప్సిన్ వంటి ఎంజైములు చాలినంతగా ఊరడానికి కొన్ని వారాలు పడుతుంది. జీర్ణాశయంలో ఆమ్లం కూడా తక్కువే. పైగా తల్లిని ఎడబాసిన పిల్ల ఒకటి రెండు రోజులు సరిగా తినదు. అప్పుడు చిన్న ప్రేగు గోడ మీద నూగులా ఉండి ఆహారసారాన్ని పీల్చుకునే చూషకాలు కురచబడిపోతాయి. అరగని ఆహారం పెద్ద ప్రేగుకు చేరుతుంది. హానిచేసే ఈ. కోలి రకాలకు అది విందు!

ఇక్కడే పీచు పదార్థం ఆదుకుంటుంది. పీచును అరిగించే ఎంజైము పందికి లేదు, మనకూ లేదు. పెద్ద ప్రేగులోని మేలుచేసే బాక్టీరియాలు దాన్ని పులియబెట్టి ఎసిటిక్, ప్రొపియోనిక్, బ్యుటిరిక్ ఆమ్లాలుగా మారుస్తాయి. బ్యుటిరిక్ ఆమ్లం ప్రేగు గోడ కణాలకు ఆహారం. ఈ ఆమ్లాలు హానికర బాక్టీరియాలను అదుపులో ఉంచడానికీ తోడ్పడతాయి. అయితే మితం తప్పకూడదు. పీచు ఎక్కువైతే చిన్న కడుపు త్వరగా నిండి, పిల్లకు శక్తి చాలదు. తవుడు వేరు, ఊక వేరు. ఊకలో సిలికా ఎక్కువ, పోషణ దాదాపు లేదు. తవుడు కూడా తాజాగా ఉండాలి. నిలవుంటే అందులోని నూనె ముక్కిపోతుంది.

కొన్ని ఎంజైములను దాణాలో కలుపుతారు. బూజులను, బాక్టీరియాలను పెంచి వీటిని తయారుచేస్తారు. జైలనేజ్ ధాన్యపు పీచును తుంచుతుంది. ఫైటేజ్, తవుడులో బంధింపబడి ఉన్న భాస్వరాన్ని విడిపించి ఎముకలకు అందేలా చేస్తుంది.

ఇంత శ్రమ ఎందుకు, మందు వేస్తే పోదా అంటారేమో! ఎన్నో ఏళ్లు అలాగే దాణాలో యాంటీబయాటిక్ మందులు కలిపారు. వాటికి లొంగని బాక్టీరియాలు బయలుదేరాయి. అవి మనుషులకూ సోకుతాయి. అందుకే ఎదుగుదల కోసం దాణాలో వీటిని కలపడాన్ని ఐరోపా సమాఖ్య 2006లో నిషేధించింది. మన దేశం 2019లో పశుపోషణలో కొలిస్టిన్ వాడకాన్ని నిషేధించింది.

మన కమలాపురం పిల్లలకు ఈ శాస్త్రం దూరమేమీ కాదు. ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది. తిరుపతిలోని పందుల పరిశోధన కేంద్రంలో లార్జ్ వైట్ యార్క్‌షైర్ జాతిని నాటు పందులతో సంకరపరచి మేలైన పందులను రూపొందించారు.

ఎంజైము పనిని మీరూ చూడవచ్చు. రెండు పరీక్షనాళికల్లో పలుచని గంజి పోయండి. ఒకదానిలో కొంచెం లాలాజలం కలపండి. పావుగంట గోరువెచ్చగా ఉంచి, రెండింటిలో చెరొక చుక్క అయోడిన్ ద్రావణం వేయండి. లాలాజలం లేనిది ముదురు నీలమవుతుంది. రెండవది కాదు, దానిలోని పిండిని అమైలేజ్ చక్కెరగా మార్చేసింది. పాలు మానిన పందిపిల్లకు కొరతపడేది ఇటువంటి ఎంజైమే.