సెప్టిక్ ట్యాంకు సొంతమే.. బాధ్యత తప్పదు

స్థలం మనది, ఇల్లు మనది, పెరట్లోని సెప్టిక్ ట్యాంకూ మనదే. అందులో ప్రభుత్వ జోక్యం ఎందుకన్నది భూగర్భ మురుగు వ్యవస్థ లేని గ్రామాల్లో, పట్టణ శివార్లలో తరచూ వినిపించే ప్రశ్న. ఆస్తి హక్కు ఉన్నా, అది ఇతరుల ఆరోగ్యానికి, ప్రాణాలకు ముప్పు తెచ్చే స్వేచ్ఛ కాదన్నదే చట్టం చెబుతున్న సమాధానం.

మనుషులచే మలం ఎత్తించే పనిని నిషేధిస్తూ పార్లమెంటు 2013లో చేసిన చట్టం అదే ఏడాది డిసెంబరు 6 నుంచి అమల్లోకి వచ్చింది. దీని ప్రకారం మనుషులు మలాన్ని ఎత్తిపోయవలసి వచ్చే అపరిశుభ్ర మరుగుదొడ్లను నిర్మించరాదు. అప్పటికే ఉన్నవాటిని కూల్చడమో, మార్చుకోవడమో ఆ ఇంట్లో ఉంటున్నవారు సొంత ఖర్చుతో చేయాలి. చేయని పక్షంలో స్థానిక సంస్థ కనీసం 21 రోజుల నోటీసు ఇచ్చి ఆ పని పూర్తిచేసి, ఖర్చును వారి నుంచే వసూలు చేస్తుంది. ఈ చట్టం కింద నియమితులైన ఇన్‌స్పెక్టర్లకు తనిఖీ కోసం ఆవరణలోకి ప్రవేశించే అధికారమూ ఉంది.

ట్యాంకులోకి మనిషిని దించితే..

మూసి ఉన్న ట్యాంకులో హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్ వాయువులు పేరుకుపోతాయి. ప్రాణవాయువు తగ్గిపోతుంది. దిగిన వ్యక్తి నిమిషాల్లోనే స్పృహ కోల్పోతాడు. అతన్ని కాపాడబోయి దిగినవారూ మరణించడం ఈ ప్రమాదాల్లో సర్వసాధారణం. అందుకే రక్షణ పరికరాలు, తగిన జాగ్రత్తలు లేకుండా ఈ పని చేయించడాన్ని చట్టంలోని 7వ సెక్షన్ నిషేధించింది. ఈ నిషేధం స్థానిక సంస్థలకే కాదు, ఇంటి యజమానికీ వర్తిస్తుంది. తొలిసారి ఉల్లంఘిస్తే రెండేళ్ల వరకు జైలు లేదా రూ.2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. మళ్లీ చేస్తే అయిదేళ్లు, రూ.5 లక్షల వరకు పెరుగుతుంది. ఇది బెయిలుకు వీల్లేని నేరం. మురుగు పనుల్లో మరణించినవారి కుటుంబాలకు 2014లో రూ.10 లక్షలుగా నిర్ణయించిన పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబరు 20న రూ.30 లక్షలకు పెంచింది.

పొరుగువారి హక్కు

ట్యాంకు నుంచి వచ్చే నీటిని ఇంకుడు గుంతలోకి మళ్లించాలి. వీధిలోకి వదిలితే ప్రజాబాధగా పరిగణించి, భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద తొలగించాలని ఆర్డీవో ఆదేశించవచ్చు. పొరుగు స్థలంలోకి పారితే బాధితులు సివిల్ కోర్టును ఆశ్రయించవచ్చు.

రెండు మూడేళ్లకోసారి యంత్రం అమర్చిన ట్యాంకరుతో వ్యర్థాలను తోడించుకోవాలి. నిండి పొంగేదాకా ఆగితే తక్కువ కూలికి మనిషిని దించాలన్న ఆలోచన వస్తుంది. ఆ కొద్దిపాటి పొదుపు ఒక కుటుంబానికి దిక్కులేకుండా చేయగలదన్నది ప్రతి గృహస్థుడూ గుర్తించాలి.