కతోలిక పాఠశాలలు – పరమత గౌరవము

ఉదయము ఏడున్నర గంటలకు రావిర్యాల చెరువుకట్టపై నిలిచి చూచినచో పసుపుపచ్చని బడి బస్సులు వరుసగా సాగిపోవుచుండును. 2008లో శంషాబాదునకు విమానాశ్రయము వచ్చిన పిదప ఈ ప్రాంతమున పొలములు తగ్గినవి, పాఠశాలలు పెరిగినవి. ఆ బస్సులలో కొన్నింటిపై సిలువ గుర్తును, ఒక పునీతుని పేరును కనబడును. లోపల కూర్చున్న పిల్లలలో మాత్రము హిందువులు కలరు, ముస్లిములు కలరు, క్రైస్తవులు కొద్దిమంది కలరు. మన తల్లులకు కాన్వెంటు అను మాట మతసంబంధమైన పదముగా తోచదు. ఇంగ్లీషు చదువునకును, క్రమశిక్షణకును అది వారికి మారుపేరు. అందువలననే, ఒక్క సన్యాసినియైనను లేని బడులకు సైతము మన పట్టణములలో కాన్వెంటు అని బోర్డులు వ్రేలాడుచున్నవి!

అన్యమతముల పిల్లలు అధికసంఖ్యలో చదువు పాఠశాలను ఒక మతసంస్థ నడుపునప్పుడు, ఆ పిల్లల విశ్వాసమును ఎట్లు గౌరవింపవలెను? ఈ ప్రశ్న మాకు పుస్తకములలో మొదలైనది కాదు. మేమును అట్టి బడిలోనే చదివితిమి. ఉదయ ప్రార్థనా సమయమున చేతులు జోడింపవలెనో వద్దో తెలియక సగము జోడించి నిలుచుండెడివారము. ఇంటికి వచ్చి నాన్నగారి నడుగగా, "నిశ్శబ్దముగా నిలుచుండు నాయనా, నిశ్శబ్దము ఎవరినీ నొప్పింపదు" అనిరి. కతోలిక పిల్లలు జ్ఞానోపదేశమునకు వెళ్లెడి గంటలో మిగిలిన మాకు నీతిబోధ జరిగెడిది. రంజాను మాసమున ఒక సిస్టరుగారు డ్రిల్లు గంటలో మమ్ము వేపచెట్టు నీడన కూర్చుండనిచ్చెడివారు. మేము అడుగలేదు, ఆమె చెప్పనూ లేదు. కూర్చుండుమని చేయి చూపెడివారు, అంతే.

మా అనుభవము అందరి అనుభవము కాకపోవచ్చును. ఆ సిస్టరుగారి స్థానమున మరియొకరున్నచో మేము ఎండలో పరుగెత్తవలసి వచ్చెడిదేమో. మంచి మనసు గల ఒక వ్యక్తిపై ఆధారపడిన గౌరవము ఆ వ్యక్తికి బదిలీ కాగానే తానును బదిలీయై పోవును. కనుకనే వ్రాతపూర్వకమైన నియమములు అవసరమగుచున్నవి.

కతోలిక శ్రీసభ ఈ విషయమున మౌనముగా లేదు. రెండవ వాటికన్ మహాసభ 1965 అక్టోబరు 28వ తేదీననే విద్యను గూర్చి యొక ప్రకటనను, క్రైస్తవేతర మతములను గూర్చి మరియొక ప్రకటనను వెలువరించినది. మొదటిది కతోలికులు కాని విద్యార్థులు చదువు పాఠశాలలును శ్రీసభకు మిక్కిలి ప్రియమైనవని పలికినది. రెండవది ముస్లిములను గౌరవభావముతో చూడవలెనని చెప్పినది. రెండును ఒకే దినమున వెలువడుట మాకు అర్థవంతముగా తోచును.

మన దేశమున భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య 2024లో తన విద్యాసంస్థలకు మార్గదర్శక సూత్రములను పంపినది. ఆ సమాఖ్య పరిధిలో సుమారు 14,000 పాఠశాలలు, 650 కళాశాలలు కలవు. క్రైస్తవ సంప్రదాయములను ఇతర మతముల విద్యార్థులపై రుద్దరాదు. ఉదయ సమావేశమున రాజ్యాంగ ప్రవేశికను చదివింపవలెను. దానిని పాఠశాల ముఖద్వారము చెంత ప్రదర్శింపవలెను. వీలైనచోట సర్వమత ప్రార్థనామందిరము నేర్పరుపవలెను. స్వాతంత్ర్య యోధుల, శాస్త్రజ్ఞుల, కవుల చిత్రపటములను నిలుపవలెను. ఇవి అందలి ముఖ్యాంశములు. వీని వెనుక భయమును కలదు. అంతకు కొద్దికాలము ముందు అస్సాములో పాఠశాలల నుండి క్రైస్తవ చిహ్నములను తొలగింపవలెనని కొన్ని బృందములు హెచ్చరించినవి. భయమువలన పుట్టినదైనను మంచి నియమము మంచిదే.

సూత్రములు వచ్చిన ఏప్రిల్ నెలలోనే మన తెలంగాణలో, మంచిర్యాల జిల్లా లక్సెట్టిపేట ప్రాంతమున, ఒక కతోలిక పాఠశాలకు కొందరు విద్యార్థులు హనుమాన్ దీక్షా వస్త్రములతో వచ్చిరి. ప్రధానోపాధ్యాయుడు వారిని ప్రశ్నించెనని వార్త పుట్టెను. ఒక గుంపు పాఠశాలపై బడి అద్దములు పగులగొట్టెను. ఆ హింసను ఏ మతమువాడును సమర్థింపరాదు. అయినను ఆ రాళ్ల చప్పుడు అణగిన పిదప ఒక ప్రశ్న మిగులుచున్నది. దీక్ష యనునది ఒక బాలుని జీవితమున నలువది దినముల ముచ్చట. యూనిఫారమును గూర్చి అతనితో మాట్లాడుటకు ముందే అతని తల్లిదండ్రులతో మాట్లాడు పద్ధతి బడిలో ఉన్నదా?

మా ఆడబిడ్డల విషయమునను ఇదే ప్రశ్న. తిరువనంతపురమునందలి ఒక కతోలిక పాఠశాలలో తలగుడ్డ ధరింప కోరిన ఇద్దరు బాలికల పక్షమున దాఖలైన వ్యాజ్యములో కేరళ హైకోర్టు 2018లో, సంస్థయొక్క సమష్టి హక్కు ముందు వ్యక్తియొక్క హక్కు నిలువదని తీర్పు చెప్పినది. 2022లో కర్ణాటక వ్యాజ్యమున సుప్రీముకోర్టు న్యాయమూర్తు లిద్దరును చెరియొక అభిప్రాయము వెలిబుచ్చిరి. చట్టము తేల్చనిదానిని మేము తేల్చజాలము. బిడ్డను చేర్చుకొనుట ఒకటి, చేర్చుకొన్న బిడ్డను తనవలె ఉండనిచ్చుట మరియొకటి. మొదటిదానిలో కతోలిక పాఠశాలలకు సాటి అరుదు. రెండవదానిలో అవి ఇంకను తడబడుచున్నవి.

చేర్చుకొనుట అంటిమి గదా, అందును ఒక చిక్కు కలదు. జాతీయ బాలల హక్కుల పరిరక్షణ సంఘము 2021 నివేదిక ప్రకారము క్రైస్తవ పాఠశాలల విద్యార్థులలో నూటికి 74 మంది అల్పసంఖ్యాకులు కానివారే. అయితే అన్ని మతముల అల్పసంఖ్యాక పాఠశాలలను కలిపి చూచినను సాంఘికముగా, ఆర్థికముగా వెనుకబడిన పిల్లలు నూటికి 9 మందియైనను లేరు. విద్యాహక్కు చట్టమునుండి 2014 తీర్పు ఈ పాఠశాలలకు మినహాయింపు నిచ్చినది. 2025లో సుప్రీముకోర్టు ధర్మాసన మొకటి ఆ తీర్పును పునఃపరిశీలింపవలెనని భావించినది. మతము గేటువద్ద అడ్డుపడుట లేదు, ఫీజు అడ్డుపడుచున్నది. కులము మాట వేరుగ చెప్పనక్కరలేదు. 2016లో పీఠాధిపతుల సమాఖ్యయే దళిత సాధికారతా విధానమును ప్రకటించుచు, తమ సంఘములోపలను వివక్ష కలదని ఒప్పుకొన్నది. కర్నూలు జిల్లాలో జన్మించిన హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీగారు 2022లో కార్డినలు అయినప్పుడు, ఆ పదవి నందిన తొలి దళితుడని పత్రికలన్నియు వ్రాసినవి. రెండువేల ఏండ్ల శ్రీసభలో, అందును మన తెలుగునాట నుండి! ఆ వార్త చదివి మేమును సంతోషించితిమి.

ఇంతవరకు అన్యుల ఇంటిని గూర్చి వ్రాసితిమి. మన ఇల్లు? రాజ్యాంగము 30వ అధికరణము మనకును రక్షణయే. 1974లో అహమ్మదాబాదు సెయింట్ జేవియర్స్ కళాశాల వ్యాజ్యమున తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము చెప్పిన తీర్పు నీడలోనే మన కళాశాలయు నిలిచియున్నది. ఒక జెసూట్ కళాశాల పోరాడి గెలుచుకొన్నదానిని మనము ఉచితముగా అనుభవించుచున్నాము. కాని అదే రాజ్యాంగమున 28వ అధికరణము మూడవ నిబంధనయు కలదు. గుర్తింపు పొందిన విద్యాసంస్థలో మతబోధనకు గాని ప్రార్థనకు గాని హాజరు కావలెనన్నచో విద్యార్థి సమ్మతి యుండవలెను, మైనరైనచో సంరక్షకుని సమ్మతి యుండవలెను. ఈ నిబంధనను ఎన్ని బడుల దరఖాస్తులు పాటించుచున్నవి? మన వార్షికోత్సవములు ఖిరాత్‌తో ఆరంభమగును. అది మనకు శోభ. ఆ సమయమున తెలుగు విభాగపు హిందూ విద్యార్థులు తలలు వంచుకొని నిలుచుందురు. వారి చేతులను మేము గమనించితిమి. కొందరు సగము జోడించి యుందురు.

మా కళాశాల ప్రవేశ దరఖాస్తులో తండ్రి పేరు, వృత్తి, ఆదాయము, కులము, రక్తవర్గము తెలుపుటకు గడులు కలవు. సమ్మతికి గడి లేదు. ఒక పంక్తి చేర్పవలసినదిగా కోరుచు జూన్ మాసమున ప్రిన్సిపాలుగారికి లేఖ యిచ్చితిమి. దరఖాస్తులు అప్పటికే అచ్చయినవనియు, వచ్చే సంవత్సరము చూతమనియు వారు సెలవిచ్చిరి.