మాండొలిన్‌పై ఆర్పెజియో సాధన

సంగీతాభ్యాసానికి పూనుకొనే విద్యార్థులలో పెక్కుమంది మొట్టమొదటనే ఒక పాటను వాయించాలని ఆత్రపడతారు. పాట వస్తే వాద్యం వచ్చినట్లేనని వారి భావన. ఈ వ్యాసకర్త కూడా అట్టివాడే. మాండొలిన్ చేతికి వచ్చిన కొద్ది నెలలకే ఒక సభలో వేగంగా వాయించబోయి, నడుమ ఒక స్వరం తప్పిపోగా, తిరిగి ఎక్కడ అందుకోవాలో తెలియక వాద్యాన్ని దించవలసి వచ్చింది. పాట కంఠస్థమే, స్వరస్థానాలు మాత్రం వేళ్లకు తెలియవు. ఆ లోపాన్ని తీర్చినది ఆర్పెజియో సాధన.

పాశ్చాత్య సంగీతంలో మూడు లేక అంతకు మించిన స్వరాలను ఏకకాలంలో మ్రోగిస్తే దానిని కార్డ్ అంటారు. ఆ స్వరాలనే విడివిడిగా, ఒకదాని వెంట ఒకటిగా పలికిస్తే ఆర్పెజియో అవుతుంది. హార్ప్ వాద్యానికి ఇటాలియన్ భాషలో గల పేరు నుండి ఈ మాట పుట్టింది. మన పరిభాషలో చెప్పాలంటే సి మేజర్ ఆర్పెజియో షడ్జమం, అంతర గాంధారం, పంచమం, తారషడ్జమం మాత్రమే.

మాండొలిన్‌కు 8 తంత్రులు. అవి 4 జంటలు. మందమైన జంట మొదలుకొని జి, డి, ఎ, ఇ అని శ్రుతి చేస్తారు. ఒక్కొక్క మెట్టు అర్ధస్వరం. జి తంత్రి 5వ మెట్టుపై ఉంగరపు వేలు, డి తంత్రి 2వ మెట్టుపై చూపుడు వేలు, అదే తంత్రి 5వ మెట్టుపై మరల ఉంగరపు వేలు, ఎ తంత్రి 3వ మెట్టుపై నడిమి వేలు: ఇదే స-గ-ప-స. ప్రతి తంత్రికీ తరువాతి తంత్రి పంచమం కనుక, ఇదే అమరికను ఒక తంత్రి అవతలకు జరిపితే జి మేజర్ పలుకుతుంది. గాంధారాన్ని ఒక్క మెట్టు తగ్గిస్తే మేజర్ మైనరవుతుంది. ఒక్క అమరిక తెలిస్తే పెక్కు ద్వారాలు తెరుచుకొంటాయన్నమాట.

సాధన నిదానంగా సాగాలి. ముందుగా జంటలోని రెండు తంత్రులూ ఏకశ్రుతిలో ఉన్నవో లేదో చూసుకోవాలి. వేలిని మెట్టుపై గాక, దానికి కొంచెం వెనుకగా నొక్కాలి. తరువాతి స్వరానికి సమయం వచ్చేవరకు వేలు ఎత్తరాదు. ఎత్తితే నాదం తెగిపోతుంది. ప్లెక్ట్రమ్‌ను ఒకమారు క్రిందికి, ఒకమారు పైకి సమంగా నడపాలి. నిమిషానికి 60 స్వరాలు స్పష్టంగా పలికిన పిదపనే వేగం పెంచాలి. దినానికి పావుగంట చాలును. కాని ఆ పావుగంట తప్పరాదు.

సజ్జాద్ హుస్సేన్ (1917–1995) ఈ చిన్న వాద్యంపై హిందుస్తానీ రాగాలను పలికించారు. పాలకొల్లులో జన్మించిన యు. శ్రీనివాస్ (1969–2014) విద్యుత్ మాండొలిన్‌పై కర్ణాటక సంగీతాన్ని వినిపించారు. రాగసంగీతంలో కార్డుకు స్థానం లేదు. అయినను ఏ సంప్రదాయంలోనైనా స్వరస్థానం వేలికి తెలిసి ఉండడమే పునాది.

విద్యార్థి మిత్రులారా! తప్పు దొర్లడం లజ్జాకరం కాదు. తప్పిన చోటి నుండి తిరిగి అందుకొనే శక్తి లేకపోవడమే అసలు కొరత. ఆ శక్తిని ఇచ్చేది పాట కాదు, నాలుగు స్వరాల ఓర్పు.