మీకు తెలుసా? ధర దిగినప్పుడు పని ఎటు పోతుంది

వాషింగ్టన్ నగరంలోని జార్జి వాషింగ్టన్ స్మారక స్తూపం కొసన 1884 డిసెంబరులో ఒక చిన్న లోహపు ముక్క బిగించారు. బరువు మూడు కిలోల లోపే. బిగించే ముందు దాన్ని న్యూయార్కులో పేరుమోసిన టిఫనీ నగల దుకాణంలో జనం చూడ్డానికి ఉంచారు. అది బంగారం కాదు, వెండీ కాదు, అల్యూమినియం. మన వంటింట్లో సొట్టలు పడి అటక ఎక్కిన సత్తు గిన్నె ఉంది చూశారూ, ఆ లోహమే. అప్పట్లో దాని ధర ఇంచుమించు వెండి ధర. ఒక్క ఔన్సు కొనాలంటే మామూలు కూలీ రోజంతా కష్టపడాల్సి వచ్చేది.

రెండేళ్లు తిరక్కుండా, 1886లో అమెరికాలో చార్లెస్ హాల్, ఫ్రాన్సులో పాల్ ఎరూ ఒకే పద్ధతి కనిపెట్టారు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఇద్దరూ 1863లోనే పుట్టారు, 1914లోనే పోయారు. కరిగిన క్రయొలైటులో అల్యూమినా కలిపి కరెంటు పంపితే లోహం విడివడుతుందన్నది వాళ్లు చూపించిన దారి. పదేళ్లలో ధర పదో వంతుకు పడిపోయింది. 1898లో మద్రాసు ఆర్ట్స్ స్కూల్లో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అనే ఇంజనీరు అల్యూమినియం గిన్నెలు చేయించడం మొదలుపెట్టాడు. ఇత్తడి బిందె కొనలేని ఇంటికి తేలికైన, తక్కువ ధర గిన్నె వచ్చింది. దీనికి కళాయి పెట్టించే పని లేదు. దాంతో ఊరూరా తిరిగి కళాయి పెట్టేవాళ్లకు, కంచరి కొలిములకు గిరాకీ ఏటేటా సన్నగిల్లింది.

కొత్త సాంకేతికత వచ్చినప్పుడు చాలాసార్లు జరిగేది ఇదే. లాభం లక్ష ఇళ్లకు కొద్దికొద్దిగా చేరుతుంది. నష్టం మాత్రం కొన్ని కుటుంబాల మీద ఒక్కసారిగా వచ్చి పడుతుంది. చవక గిన్నె ఎవరి పుణ్యమో వంటింట్లో ఎవరూ తలుచుకోరు. కొలిమి ఆరిపోయిన ఇంట్లో మాత్రం మూడు తరాలు చెప్పుకుంటారు. యంత్రాలంటే జనానికి ఉండే భయం అజ్ఞానం వల్ల పుట్టిందని తేల్చేయడానికి నాకు మనసొప్పదు. ఆ భయం వెనక ఎప్పుడూ ఎవరిదో ఒకరి బతుకు లెక్క ఉంటుంది.

*

నీలిమందు కథలో ఆ లెక్క మరీ స్పష్టంగా కనిపిస్తుంది.

నీలి మొక్కలు కోసి, తొట్లలో నానబెట్టి, పులిసిన నీటిని దిగువ తొట్టిలోకి వదిలేవారు. నడుము లోతు నీళ్లలో మనుషులు నిలబడి తెడ్లతో గంటల తరబడి దాన్ని చిలికేవారు. పసుపుపచ్చగా ఉన్న నీరు గాలి తగిలేకొద్దీ నీలంగా మారేది. అడుగున పేరుకున్న మడ్డిని కాచి, వడగట్టి, బిళ్లలుగా కోసి, ఆరబెట్టి ఓడలెక్కించేవారు. బెంగాల్, బీహారు మాత్రమే కాదు, మద్రాసు రాజధానిలో కడప, కర్నూలు, నెల్లూరు జిల్లాలు కూడా నీలికి పేరున్నవే.

జర్మనీలో అడాల్ఫ్ ఫాన్ బేయర్ అనే రసాయన శాస్త్రవేత్త ఈ రంగును ప్రయోగశాలలో తయారుచేయవచ్చని 1880 నాటికే చూపించాడు. అయితే సీసాలో తయారైంది బజారులో నీలిమందు కంటే చవగ్గా దొరకడానికి మరో పదిహేడేళ్లు పట్టింది. ఆ పనిమీద బి.ఏ.ఎస్.ఎఫ్. అనే జర్మన్ కంపెనీ 1 కోటి 80 లక్షల మార్కులు గుమ్మరించింది. 1897లో ఆ రంగు మార్కెట్లోకి దిగింది. 1890ల మధ్యలో మన దేశంలో 14 లక్షల ఎకరాలకు పైగా ఉన్న నీలి సాగులో మొదటి ప్రపంచ యుద్ధం మొదలయ్యేనాటికి అయిదో వంతు కూడా మిగల్లేదు.

మీకు తెలుసా? మన పాఠ్యపుస్తకాల్లో చంపారన్ సత్యాగ్రహం ఉంటుంది కానీ దాని వెనక ఉన్న ఈ జర్మన్ ఫ్యాక్టరీ సాధారణంగా కనిపించదు. బీహారులోని చంపారన్‌లో ప్రతి రైతూ బిఘాకు మూడు కఠాల చొప్పున, అంటే ఇరవైలో మూడు వంతుల భూమిలో, దొర కోసం నీలి వేసి తీరాలి. నీలి ధర పడిపోయాక తెల్లదొరలకు ఆ పంట అక్కర్లేకపోయింది. మరి నష్టం ఎవరు భరించాలి? “నీలి వేయనక్కర్లేదు, దానికి బదులు కౌలు పెంచుతాం, లేదా ఒకేసారి పరిహారం కట్టండి” అని రైతుల మీదకు తోశారు. జర్మనీలో ఒక రంగు చవకైతే గంగకు ఉత్తరాన ఒక కౌలురైతు అప్పులపాలయ్యాడు. 1917 ఏప్రిల్‌లో గాంధీ అక్కడికి వెళ్లి వేలమంది రైతుల వాంగ్మూలాలు రాయించింది ఈ బాధ మీదే. మరుసటి ఏడాది చట్టం వచ్చి ఆ మూడు కఠాల పద్ధతి పోయింది. ఇక్కడ నేను తప్పు పట్టేది రసాయన శాస్త్రాన్ని కాదు, ధర పడినప్పుడు ఆ దెబ్బను పక్కవాడి నెత్తికి మళ్లించగల అధికారాన్ని.

*

యంత్రాలను పగలగొట్టిన లుడ్డైట్లు యంత్రాలంటే గిట్టని మొరటు మనుషులని చాలామంది అనుకుంటారు. 1811లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ ప్రాంతంలో మేజోళ్లు అల్లిన ఆ పనివాళ్లు తరతరాలుగా యంత్రాల మీదే బతికినవాళ్లు. వాళ్లకు కోపం తెప్పించింది అరకొర కూలి, నాసిరకం సరుకు. వెడల్పు గుడ్డ నేసి, కత్తిరించి, కుట్టి, మేజోళ్లని అమ్మే యజమానుల మగ్గాలనే వాళ్లు ఏరి మరీ విరగ్గొట్టారు. సరైన కూలి ఇచ్చేవారి మగ్గాల జోలికి చాలాచోట్ల పోలేదు. దానికి ప్రభుత్వం ఇచ్చిన జవాబు 1812 చట్టం: మగ్గం విరగ్గొడితే ఉరి. ఆ బిల్లుకు ఎదురు నిలిచి ప్రభువుల సభలో తొలి ప్రసంగం చేసిన యువకుడు కవి బైరన్.

*

లిఫ్టు దానంతటదే ఎక్కి దిగగలదని ఇంజనీర్లకు ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే తెలుసు. అయినా అర్ధశతాబ్దం పాటు లోపల స్టూలు మీద ఒక ఆపరేటర్ కూర్చునే ఉన్నాడు. మనిషి లేని పెట్టెలోకి అడుగు పెట్టడానికి జనం ఒప్పుకోలేదు. 1945 సెప్టెంబరులో న్యూయార్కు లిఫ్టు ఆపరేటర్లు సమ్మెకు దిగితే లక్షలమంది ఆఫీసులకు చేరుకోలేకపోయారు. అప్పటినుంచి భవనాల యజమానులు ఆపరేటర్ లేని లిఫ్టు వైపు తిరిగారు. లిఫ్టును ఆపే ఎర్ర బటన్, లోపల టెలిఫోను, మెల్లగా పలికే రికార్డు గొంతు జనంలో ధైర్యం నింపాయి. అమెరికా 1950 జనగణనలో నమోదైన 270 పైచిలుకు వృత్తుల్లో యంత్రం వల్లే పూర్తిగా మాయమైంది లిఫ్టు ఆపరేటర్ పని ఒక్కటేనని ఆర్థికవేత్త జేమ్స్ బెస్సెన్ లెక్క తేల్చాడు. తక్కిన వృత్తులు చాలావరకు పేరు నిలుపుకొని లోపల పని మార్చుకున్నాయి.

*

ఆ మార్పు ఎలా ఉంటుందో బ్యాంకుల్లో చూడొచ్చు. ప్రపంచంలో తొలి ఏటీఎం 1967 జూన్‌లో లండన్ శివారు ఎన్‌ఫీల్డులో మొదలైంది. దాన్ని రూపొందించిన జాన్ షెపర్డ్ బ్యారన్ పుట్టింది మన షిల్లాంగులో. పిన్ నంబరు ఆరంకెలుండాలని ఆయన అనుకుంటే, నాలుగంకెలకు మించి గుర్తుండవని భార్య చెప్పిందట. ఆ నాలుగే నిలిచిపోయాయి.

ఏటీఎం వస్తే కౌంటరు గుమస్తాలు ఇంటికేనని అమెరికాలో అందరూ అనుకున్నారు. ఒక్కో బ్రాంచికి కావలసిన గుమస్తాలు ఇరవై నుంచి పదమూడుకు తగ్గిన మాట నిజమే. కానీ బ్రాంచి నడపడం చవకయ్యేసరికి బ్యాంకులు కొత్త కొత్త చోట్ల బ్రాంచీలు తెరిచాయి. మొత్తం గుమస్తాల సంఖ్య చాలాకాలం తగ్గలేదు సరికదా, కాస్త పెరిగింది. తగ్గడం మొదలైంది జనం బ్యాంకు పని ఫోనులోనే ముగించేసుకోవడానికి అలవాటు పడ్డాక.

మన దేశంలో కంప్యూటర్ అన్న మాటకే బ్యాంకు ఉద్యోగులు ఊరేగింపులు తీసిన కాలం ఉంది. 1983లో సంఘాలకూ యాజమాన్యాలకూ కుదిరిన ఒప్పందంలో యంత్రాలు ఎన్ని పెట్టాలి, ఎక్కడ పెట్టాలి అని పరిమితులు రాసుకున్నారు. దాని వెంటనే కంప్యూటరీకరణకు దారి చూపే కమిటీకి అధ్యక్షత వహించింది అప్పటి రిజర్వు బ్యాంకు డిప్యూటీ గవర్నరు సి. రంగరాజన్. లెడ్జర్లలో చేత్తో వడ్డీలు లెక్కగట్టే రోజులు పోతాయంటే భయపడ్డ ఆ ఉద్యోగులను నేను తప్పు పట్టను. ఒప్పందం, పరిమితి, దశలవారీ శిక్షణ అన్నవి వాళ్లు పోరాడబట్టే దక్కాయి. రంగరాజన్ 1997లో ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా వచ్చారు. మరుసటి ఏడాది హైదరాబాదు మాదాపూర్‌లో కంప్యూటర్ కంపెనీల కోసం కట్టిన సైబర్ టవర్స్ ప్రారంభమైంది. కంప్యూటర్ ఉద్యోగం తీసేస్తుందని తండ్రులు జెండా పట్టిన పదిహేనేళ్లకే, కంప్యూటర్ కోర్సుకు పిల్లలు అమీర్‌పేటలో గదులు అద్దెకు వెతుక్కున్నారు.

*

1995 జులై 31న పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతి బసు కలకత్తా నుంచి ఢిల్లీలో ఉన్న కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌కు ఫోన్ చేశారు. దేశంలో అది తొలి మొబైల్ కాల్. ఆ కొత్తలో నిమిషానికి 16 రూపాయల దాకా ఉండేది. మనకు వచ్చిన కాల్‌కూ మనమే కట్టాలి. ఫోను మోగితే ఎత్తాలా వద్దా అని డబ్బు లెక్క వేసుకునే రోజులవి. వచ్చే కాల్‌కు డబ్బు లేకుండా పోయింది 2003లో. 2016లో జియో వచ్చాక మాటకు విడిగా ధర కట్టడం చాలావరకు పోయింది.

మొబైల్ చవకయ్యేదాకా మన వీధుల్ని ఏలింది ఎస్టీడీ బూత్. పసుపు బోర్డు, అద్దాల గది, లోపల ఎర్ర అంకెలు పరుగెత్తే మీటరు, బయట కిరకిరమని చిన్న కాగితపు బిల్లు ఉమ్మే ప్రింటరు. రాత్రి పొద్దుపోతే పావు చార్జీ కనుక, దూరపు ఊళ్లో ఉన్న కొడుకు గొంతు వినడానికి, హైదరాబాదులో చదివే కూతురి క్షేమం కనుక్కోవడానికి జనం నిద్రమానుకుని వరుసలో నిలబడేవారు. బూత్‌ల కేటాయింపులో వికలాంగులకూ వితంతువులకూ మాజీ సైనికులకూ ప్రాధాన్యం ఉండేది. కాలు కదపలేని మనిషి ఊరి నడిమధ్య కుర్చీలో కూర్చుని, అందరూ పలకరించే వ్యాపారస్తుడుగా బతికాడు. మాట చవకైనకొద్దీ ఆ కుర్చీ ఖాళీ అయింది. కొందరు రీచార్జి, జిరాక్సు వైపు మళ్లారు. ఆ పనులూ ఫోనులోకి వెళ్లిపోయాయి. తల్లి ఇప్పుడు రోజూ కొడుకు ముఖం చూస్తూ మాట్లాడుతోంది, ఆ సంతోషాన్ని తక్కువ చేయలేం. అయితే బూత్ కేటాయించినప్పుడు ఆ మనిషిని గుర్తుపెట్టుకున్న ప్రభుత్వం, బూత్ మూతపడ్డప్పుడు అతని గురించి అలాంటి ఆలోచన చేయలేదు. ఇది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

*

చివరగా, యంత్రం పనివాళ్ల ఇంట్లోంచే పుట్టిన సంగతి.

ఆలేరు దగ్గరి శారాజీపేటలో చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి ఆసు పోసేది. పోచంపల్లి చీర మీద రంగు బొమ్మలు పడాలంటే, రంగు అంటకుండా ముడులు వేసే ముందు, అంటే చిటికి కట్టే ముందు, నూలును అర్ధచంద్రాకారంలో గుచ్చిన మేకుల చుట్టూ వరుసగా తిప్పాలి. ఇదే ఆసు పోయడం. ఒక్కో చీరకు చేయి అటూ ఇటూ తొమ్మిది వేలసార్లు పోయి రావాలి. నాలుగు గంటల పని, రోజుకు రెండు చీరలు. భుజం, మోచేయి పట్టేసి ఈ పని ఇక నా వల్ల కాదని ఆమె అంటే, బడి చదువు మధ్యలోనే ఆపేసిన కొడుకు యంత్రం చేయబూనుకున్నాడు. ఊరు నవ్వింది, అప్పులు పెరిగాయి. 1999లో అది పనిచేసింది. దానికి తల్లి పేరే పెట్టాడు: లక్ష్మీ ఆసు యంత్రం. నాలుగు గంటల పని గంటన్నరకు దిగింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఈ యంత్రం ఆడవాళ్ల నొప్పిని తీసింది, మగ్గాన్ని మాత్రం తీసేయలేదు. నేసేవాళ్లే దాని యజమానులయ్యారు కనుక అదే ఇంట్లో నెలకు ఎక్కువ చీరలు తయారయ్యాయి. పైన చెప్పిన కథలన్నిటికీ దీనికీ ఉన్న తేడా అదే.

అయితే అదే నేతగాడి మీదకు మరో యంత్రం వచ్చింది. మిల్లు గుడ్డ మీద పోచంపల్లి బొమ్మలు అచ్చు గుద్ది అమ్మేస్తున్నారు. ధర చూస్తే నేత చీర ధరలో ఒక చిన్న భాగం. అచ్చు చీర కొనుక్కున్నవాళ్లది తప్పు కాదు, దాన్ని నేత చీరని చెప్పి అమ్మడం తప్పు. ఈసారి దుకాణంలో పోచంపల్లి అని చూపిస్తే చీర మడత విప్పి వెనక్కి తిప్పండి. నూలుకే రంగు అద్ది నేసిన చీరలో బొమ్మ రెండు వైపులా ఒకేలా ఉంటుంది, అంచులు కాస్త చెదిరినట్టు కనిపిస్తాయి. చాలా అచ్చు చీరల్లో వెనక వైపు రంగు వెలిసినట్టుంటుంది, గీతలు కత్తిరించినట్టు తిన్నగా ఉంటాయి. తేడా కనిపిస్తే దుకాణదారును అక్కడే అడగండి.