ఆ ఫొటోలో కోహ్లీ పక్కన ఉన్నవాళ్లు ఏమయ్యారు?

2025 ఏప్రిల్ 28 రాత్రి గుర్తుందా? జైపూర్‌లో 14 ఏళ్ల వైభవ్ సూర్యవంశీ 35 బంతుల్లో సెంచరీ బాదేశాడు. తెల్లారేసరికి ఫోన్ నిండా వాడి సిక్సర్ల రీల్సే. కింద కామెంట్లలో ఒకటే మాట, ఇండియా టీమ్‌లోకి ఎప్పుడు అని. ఇలాంటి మాటలు మనం ఇంతకుముందు చాలామంది కుర్రాళ్ల గురించి అన్నాం. అని, మర్చిపోయాం కూడా.

2008 మార్చి 2కి వెళ్దాం. కౌలాలంపూర్‌లో అండర్-19 వరల్డ్ కప్ ఫైనల్. దక్షిణాఫ్రికాను 12 పరుగుల తేడాతో ఓడించి మనవాళ్లు కప్పు ఎత్తిన ఫొటో నెట్‌లో ఇప్పటికీ తిరుగుతుంటుంది. అందులో కెప్టెన్ కోహ్లీని ఎవరైనా గుర్తుపడతారు. జడేజానీ పట్టేస్తారు. కానీ ఆ టోర్నీలో అందరికంటే ఎక్కువ పరుగులు చేసింది కోహ్లీ కాదు. తన్మయ్ శ్రీవాస్తవ, 262 పరుగులు. ఫైనల్లో మన టాప్ స్కోరరూ అతనే. ఆ రోజు మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ ఏమో అజితేశ్ అర్గల్ అనే పేసర్. 5 ఓవర్లు వేసి 7 పరుగులే ఇచ్చి 2 వికెట్లు తీశాడు.

తన్మయ్ ఉత్తరప్రదేశ్‌కి, చివర్లో ఉత్తరాఖండ్‌కి రంజీలు ఆడాడు. ఇండియా క్యాప్ మాత్రం రాలేదు. 2020లో 30 ఏళ్లకే ఆట ఆపేశాడు. అర్గల్ బరోడాకి కొన్ని మ్యాచ్‌లు ఆడి, ఇన్‌కమ్ ట్యాక్స్ ఇన్‌స్పెక్టర్ అయ్యాడు. 2023లో ఇద్దరూ బీసీసీఐ అంపైర్ పరీక్ష పాసయ్యారు. 2025 ఐపీఎల్‌లో తన్మయ్ అంపైరింగ్ చేశాడు. అదే సీజన్లో కోహ్లీ మొదటిసారి ఐపీఎల్ కప్పు అందుకున్నాడు.

పాపం అనకండి. గ్రౌండ్ వదలకుండా బతికే దారి వెతుక్కున్నవాళ్లు ఓడిపోయినట్టు కాదని నా లెక్క.

అసలు చిక్కెక్కడంటే, రెండేళ్లకోసారి 15 మంది కొత్త కుర్రాళ్లు అండర్-19 వరల్డ్ కప్ ఆడొస్తారు. సీనియర్ టీమ్‌లో ఉండేవి 11 చోట్లే, అవి కూడా ఖాళీగా ఉండవు. పైగా 19 వరకూ ఈడు పిల్లల మధ్య ఆట. ఆ తర్వాత రంజీలో ఎదురయ్యేది ఒకే చోట రోజంతా బంతి వేసే ముప్పై ఏళ్ల బౌలర్. కుర్రాడి లోపం రెండు మ్యాచ్‌ల్లో బయటపడుతుంది. దాన్ని సరిదిద్దుకునేలోపు అతని ప్లేస్‌కి ఇంకొకడు రెడీ.

ఉన్ముక్త్ చంద్ విషయంలో మనం మరీ ఎక్కువ ఊహించుకున్నాం. 2012 ఆగస్టు 26న టౌన్స్‌విల్‌లో, ఆస్ట్రేలియా గడ్డ మీదే ఆస్ట్రేలియాపై ఫైనల్లో 111 నాటౌట్. కెప్టెన్ కూడా. ఏడు నెలలు తిరిగాక, 2013 ఐపీఎల్ మొట్టమొదటి బంతికే బ్రెట్ లీ అతన్ని బౌల్డ్ చేశాడు. ఒక్క బంతితో ఎవరి కెరీరూ పోదు. అయితే ఉన్ముక్త్‌కి ఆ తర్వాత కూడా ఐపీఎల్ కలిసిరాలేదు. 2021లో ఇండియాలో ఆట మానేసి అమెరికా వెళ్లిపోయాడు.

అదే టీమ్‌లో మన కాకినాడ కుర్రాడు హనుమ విహారి ఉన్నాడు. ఆ టోర్నీలో పెద్దగా పరుగులు చేయలేదు, పేపర్లలో ఫొటోలూ రాలేదు. తర్వాత ఆరేళ్లు రంజీలే నమ్ముకున్నాడు. 2017లో ఒడిశాపై ఆంధ్ర తరఫున 302 నాటౌట్ కొట్టాడు. 2018లో ఓవల్‌లో టెస్టు ఆడాడు. 2021 సిడ్నీలో తొడ కండరం పట్టేసి పరుగెత్తలేకపోయినా 161 బంతులు ఆడి 23 నాటౌట్‌గా నిలిచి, అశ్విన్‌తో కలిసి టెస్టు డ్రా చేశాడే, ఆ విహారి. 2023 రంజీ క్వార్టర్ ఫైనల్లో మణికట్టు విరిగితే ఎడమచేతి వాటంగా నిలబడి బ్యాటింగ్ చేశాడు. అయినా అతని టెస్టులు 16 దగ్గరే ఆగాయి. (2004 అండర్-19 కెప్టెన్ మన రాయుడు 55 వన్డేలు ఆడాడు, టెస్టు ఒక్కటీ లేదు. అది వేరే పెద్ద కథ.)

అమెరికా వెళ్లింది ఉన్ముక్త్ ఒక్కడే కాదు. 2010 అండర్-19 వరల్డ్ కప్‌లో మన టీమ్ పేసర్ సౌరభ్ నేత్రవల్కర్. పాకిస్తాన్ చేతిలో ఓడి క్వార్టర్ ఫైనల్లోనే ఇంటికొచ్చారు. ఆ పాక్ టీమ్‌లో బాబర్ ఆజం ఉన్నాడు. మన కేఎల్ రాహుల్ సౌరభ్ టీమ్‌మేటే. సౌరభ్‌కి ముంబై టీమ్‌లో చోటు నిలవలేదు. ఇంజినీరింగ్ చేతిలో ఉంది కాబట్టి కార్నెల్ యూనివర్సిటీలో ఎమ్మెస్‌కి వెళ్లాడు, ఒరాకిల్‌లో జాబ్ కొట్టాడు. మన ఇళ్లలో ఇది బాగా తెలిసిన రూటే.

2024 జూన్ 6. మనవాళ్లు ఎక్కువగా ఉండే డాలస్. టీ20 వరల్డ్ కప్‌లో అమెరికా, పాకిస్తాన్ మ్యాచ్ టై అయ్యింది. సూపర్ ఓవర్‌లో 18 పరుగులు కాపాడాల్సిన బంతి నేత్రవల్కర్ చేతికొచ్చింది. అవతల కెప్టెన్ బాబర్. పాక్ 13 దగ్గరే ఆగిపోయింది. 2012లో ఉన్ముక్త్‌తో కలిసి కప్పు గెలిచిన స్పిన్నర్ హర్మీత్ సింగ్ కూడా ఆ రోజు అమెరికా టీమ్‌లోనే ఉన్నాడు. ఉన్ముక్త్‌కి మాత్రం ఆ వరల్డ్ కప్ జట్టులోనూ చోటు దొరకలేదు.

ఆరు రోజుల తర్వాత న్యూయార్క్‌లో మనతో మ్యాచ్. నేత్రవల్కర్ వేసిన మొదటి ఓవర్లో, ఎదుర్కొన్న తొలి బంతికే కోహ్లీ కీపర్‌కి క్యాచ్ ఇచ్చి వెళ్లిపోయాడు. ఆ రోజుల్లోనే అతని ఇంట్లోవాళ్లు ఒక సంగతి చెప్పారు. మ్యాచ్ అయ్యాక హోటల్‌కెళ్లి, ల్యాప్‌టాప్ తెరిచి ఆఫీసు పని చేసుకునేవాడట.